గేటు కాడ దొరకని జ్వరం

“జ్వరం పెట్టుకొని డ్యూటీకి ఎట్ల పోతవ్‌రా?”

“జ్వరం ఏడున్నది అవ్వా? ఎండకు ఒళ్లు వేడెక్కింది, అంతే.”

“ఒళ్లు సంగతి నాకు చెప్తున్నవా? నిన్ను నేను కన్ననా, నన్ను నువ్వు కన్నవా?”

“నేను పోకుంటే జయేశ్ బయటికి రాడు. వాని భార్యకు నెలలు నిండినయ్. ఇయ్యాలో రేపో అంటున్నరు.”

“ఆమెకు నొప్పులొస్తే జయేశ్ పోయి చేసేదేమున్నది? మంత్రసానా వాడు?”

“నీతోని మాట్లాడుడు దండుగ.”

“దండుగే. థర్మామీటర్ పెట్టుకొని మాట్లాడు, దండుగ కాకుంట పోతది.”

నా కోడలు రాధ మొఖం పక్కకు తిప్పుకొని నవ్వింది. వాడు కోపంతోనే చంకల పెట్టుకున్నడు. తీసి చూస్తే నూట ఒకటి దాటింది. నేను చూసిన, వాడు చూసిండు. థర్మామీటర్ దులిపి నా చేతుల పెట్టి బ్యాగు తగిలించుకున్నడు. మాది మూడో అంతస్తు. నేను వాకిట్ల నిలబడి చూస్తనే ఉన్న. ఒక మలుపు దిగినంక ఆగిండు, జేబుల నుంచి డోలో అట్ట తీసిండు, నీళ్లు లేకుంటనే ఒక గోలీ మింగి దిగిపోయిండు.

నా కొడుకు శ్రీనివాస్, మేము సీను అంటం, వాని బీమారి మాకు తెలిసిన దినం అది. కరోనా రెండోసారి జోరు మీద ఉన్న ఎండకాలం.

నేను బడికి పోయింది మూడేండ్లే. రాయొస్తది గాని ఒత్తులు తప్పుతయ్. సరిచేయమంటే నా మనుమరాలు పింకీ చదివింది గుజరాతీల. అందుకని తప్పులుంటే మీరే సదురుకోండ్రి. మాది కరీంనగర్ దిక్కు. మా ఆయన మగ్గాల పని కోసం సూరత్ వస్తే ఎనక నేనొచ్చిన. నవాగామ్‌ల ఉంటం. మా ఆయన మగ్గాల దుమ్ము పీల్చి పీల్చి దగ్గుతనే పోయిండు. కొడుకు ఆ దుమ్ములకు పోవద్దని నేను పట్టుబట్టిన. చీరలకు రాళ్లు అంటించి వాణ్ని చదివిచ్చిన. వాడు పరీక్ష రాసి జైలుల సిపాయి అయిండు. కూలికిపోయేటోళ్ల ఇంట్ల సర్కారు నౌకరి. దుమ్ము లేని పని అని నేను మురిసిన.

కరోనా వచ్చినంక ఆ పని ఎట్ల మారిందో బయటోళ్లకు తెల్వది. రోగం లోపలికి రావద్దని ములాకాత్‌లు ఆపిండ్రు. ఖైదీల పెండ్లాం పిల్లలు, తల్లులు ఎవ్వరు గేటు కాడికి రావద్దన్నరు. కొందరు ఖైదీలను పెరోల్ మీద ఇంటికి పంపిండ్రు. సిపాయిలకు మాత్రం బ్యాచ్‌లు పెట్టిండ్రు. ఒక బ్యాచ్ లోపలికి పోతే పదిహేను దినాలు లోపలనే. తిండి అక్కడే, నిద్ర అక్కడే. ఎండల ఆ ప్లాస్టిక్ కిట్ తొడుక్కొని బారక్ బారక్ తిరగాలె. కొత్తగా వచ్చిన ఖైదీలను వేరే పెట్టాలె, పొద్దుమాపు జ్వరాలు చూడాలె, కాఢా, అంటే కషాయం, తాగియ్యాలె. “సిపాయినా, నర్సునా సమజైతలేదవ్వా” అని సీను అనేటోడు. ములాకాత్‌లు లేక ఖైదీలు కోపానికొచ్చి పళ్లాలు కొట్టేటోళ్లట. “మా అమ్మ బతికున్నదో లేదో చెప్పు సాబ్” అని ఊచల సందు నుంచి అడిగితే ఏం చెప్పాలె? ఫోను కాడ లైను, ఆ లైను కాడ తన్నులాట. ఇదంత చూసుకునేటందుకు మునుపున్న సిపాయిలల్ల సగం మంది గూడ లేరు.

ఒక కానూను ఉండె. లోపలున్నోని బద్లీ, అంటే వాని జాగకు వచ్చేటోడు, గేటు దాటి వస్తేనే లోపలున్నోడు బయటికి రావాలె. గేటు కాడ తుపాకి లెక్క మిషన్ నుదుటికి పెడుతరు. జ్వరం ఉంటే ఎనకకు పంపుతరు. ఎనకకు పంపినోని జాగల లోపలున్నోడే ఇంకో పదిహేను దినాలు చెయ్యాలె. జయేశ్ అంటే మా సీను జోడీదారు. గుజరాతీ పిల్లగాడు, ఇద్దరిది ఒక్కటే పోస్టు. జయేశ్ మొదటి పదిహేను దినాల పాళీ అయిపోయేసరికి, వాని బద్లీగ రావల్సిన ఇంకో సిపాయి గేటు కాడ జ్వరంతోని దొరికిండు. దాంతోని జయేశ్‌కు రెండో పాళీ పడ్డది. ఇప్పుడు సీను గూడ దొరికితే మూడోది పడతది. అందుకని గోలీ. మా సీను ఒక్కడే కాదు, చాన మంది గట్లనే గోలీ మింగి గేటు దాటిండ్రట. పనికి ఎగబెట్టేటోళ్లు జ్వరం ఉన్నదని అబద్ధం చెప్తరు. వీళ్లు లేదని చెప్పిండ్రు. తోటోడు లోపల చిక్కుకుంటడని.

మిషన్‌కు జ్వరం దొరకలే. సీను లోపలికి పోయిండు, జయేశ్ బయటికి వచ్చిండు. తెల్లారి వానికి ఆడపిల్ల పుట్టింది.

లోపల సీను రెండు మూడు దినాలు మామూలుగనే తిరిగిండట. పొద్దు గూకంగ జ్వరం వస్తే గోలీ. పొద్దుగాల మళ్ల డ్యూటీ. వాళ్ల పోస్టు కాడ చాయ్ చేసి ఇచ్చే ముసలి ఖైదీ ఒకాయన ఉండె. అందరు కాకా అని పిలిచేటోళ్లు. ఏం తప్పు చేసి వచ్చిండో నేను అడగలే, సీను చెప్పలే. మునుపు కాకా భార్య ప్రతి ములాకాత్‌కు పల్లె నుంచి బస్సెక్కి వచ్చేదట. ములాకాత్‌లు ఆగినంక కాకా సీనును అడిగేటోడు, “బేటా, ఆమె గేటు దాక వచ్చి తిరిగిపోయిందా?” అని. కాకా చాయ్ ఇచ్చిండు, సీను తాగిండు. చాయ్ వాసన తెలుస్తలేదని ఆ దినం వానికి తెలిసింది. తెలిసినంక గూడ పూట పూటకు తాగిండు. వద్దంటే కాకాకు అనుమానం వస్తదని.

ఒకనాడు గింతీ పిలుస్తున్నప్పుడు, అంటే ఖైదీలను లైన్ల కూసోబెట్టి లెక్క పిలుస్తున్నప్పుడు, నడుమల ఊపిరి అందక గోడ పట్టుకొని కూలబడ్డడు. ఖైదీలే లేపిండ్రు. కొత్త ఖైదీలను వేరే పెట్టే బారక్‌లనే ఇగ వాణ్ని పెట్టిండ్రు. సిపాయిల మీది జమాదార్ మాకు ఫోన్ చేసి “ఫికర్ చేయకుండ్రి, లోపలనే డాక్టర్ చూస్తున్నడు” అన్నడు. తెల్లారి మళ్ల ఫోన్ చేసి “సర్కారు దవాఖానకు తోల్తున్నం, రాండ్రి” అన్నడు.

దవాఖాన బయట రోడ్డు మీద మనుషులు, చాపలు, సిలిండర్లు. లోపలికి మమ్మల్ని రానియ్యలే. RT-PCR పాజిటివ్ అన్నరు. SpO2 ఎనభై రెండు అన్నరు. ఛాతికి HRCT తీసి score పద్దెనిమిది అన్నరు. ఇరవై అయిదుకు పద్దెనిమిది అంటే పరీక్షల మంచి మార్కులే గదా అనుకున్న. రాధ ఏడుస్తుంటే సమజైంది, గీ పరీక్షల మార్కులు తక్కువ రావాలె.

సాయంత్రం డాక్టర్ ఫోన్ చేసింది. ఆడమనిషి, చిన్న వయసు, గొంతు పోయి ఉన్నది. నన్ను గుజరాతోళ్ల లెక్క ‘బా’ అన్నది, అంటే అమ్మ.

“బా, జ్వరం ఏ రోజు మొదలైంది? మీ అబ్బాయి నిన్నటి సంది అంటున్నడు. Scan చూస్తే గట్ల అనిపిస్తలేదు.”

సీను ఎందుకు గట్ల చెప్పిండో నాకు తెలుసు. జ్వరంతోని గేటు దాటిండని తెలిస్తే నౌకరి మీదికి వస్తదని. రాధ నా చెయ్యి పట్టుకొని తల అడ్డంగ ఊపింది. నేను చెయ్యి గుంజుకొని ఉన్నదున్నట్టు చెప్పిన. వారం దాటింది, నేనే చూసిన, నూట ఒకటి ఉండె, గోలీ మింగి పోయిండు అన్న.

“Day of illness, అంటే జ్వరం ఎన్నో రోజో, చూసే మందు ఇస్తం బా. ముందే తెలిస్తే బాగుండు. ఇప్పుడు చేసేది చేస్తం” అన్నది ఆమె.

ఫోన్ పెట్టినంక రాధ అన్నది, “అత్తమ్మా, నౌకరి పోతే?”

“పాణం పోతే నౌకరి ఎవరు చేస్తరు?” అన్న.

స్టెరాయిడ్ పెట్టిండ్రు. షుగర్ లేనోనికి షుగర్ లేచింది. మొదలు మాస్క్, దాని ఎనక ముక్కుల జోరుగ గాలి కొట్టే HFNC, అది చాలక మొఖానికి బిగించే BiPAP. బోర్ల పండుకోమన్నరు. ఒక నర్సమ్మ వీడియో కాల్‌ల చూపిచ్చింది. మొఖమంత మాస్క్, కండ్లు మాత్రం కనబడుతున్నయ్. చెయ్యి ఎత్తిండు. ఎత్తినందుకే మిషన్ కుయ్యిమన్నది. “మాట్లాడియ్యకుండ్రి, saturation పడిపోతుంది” అని నర్సమ్మ ఫోన్ పెట్టేసింది.

నడుమల నాకు గూడ జ్వరం వచ్చింది. మా తలుపుకు కరోనా ఇల్లని కాయిదం అంటించిపోయిండ్రు. రెండు దినాలు ఒళ్లు నొచ్చింది, మూడో దినం లేచి బియ్యం ఏరుకున్న. నేను బతికి ఏం చెయ్యాలె? ముసలిదాన్ని నన్ను ముట్టుకొని వదిలింది. వాణ్ని పట్టుకొని వదల్లే.

వాడు ICUల ఉన్నప్పుడే కాకా కరోనాతోని పోయిండు. అదే దవాఖానల, ఖైదీల వార్డుల. జయేశ్ బయట మా కాడికి వచ్చి చెప్పిండు. “సీనుభాయ్‌కి ఇప్పుడే చెప్పొద్దు మాసీ” అన్నడు. మేము చెప్పలే. గాని వార్డు బాయ్ ఎవడో చెప్పనే చెప్పిండు.

నెల దాటినంక ఇంటికి తెచ్చినం. మూడు అంతస్తులు కుర్సీల కూసోబెట్టి ఎక్కిచ్చిండ్రు. జయేశ్ ఒక దిక్కు, పక్కింటి ఒడియా పిల్లగాడు ఒక దిక్కు. కిరాయికి oxygen concentrator తెచ్చి పెట్టినం. ఆ మిషన్ చప్పుడు మగ్గం చప్పుడు లెక్కనే ఉంటది. మా ఆయన ఉన్నన్ని దినాలు విన్న చప్పుడు, మళ్ల ఇంట్లకు వచ్చింది.

డిశ్చార్జ్ అప్పుడు పెద్ద డాక్టర్ అన్న మాట నాకు ఇప్పటికి యాదికున్నది. “బా, పాణం దక్కింది. ఊపిరితిత్తులు మొత్తం దక్కలే. Fibrosis అంటరు. కాలిన తోలు లెక్క బిగుసుకపోతది.”

“మళ్ల ఎప్పుడు మెత్తగైతది?”

“కొంత అయితది. పోయింది పోయిందే.”

నేను మొండిదాన్ని, నమ్మలే. గాలి గుంజే బుడ్డి ఇస్తే పొద్దుమాపు గుంజిచ్చిన. మూడు ప్లాస్టిక్ గోలీలుండె అండ్ల. ఒకటి లేచేది, రెండోది కదిలేది, మూడోది ఎన్నడు లేవలే. పింకీ “పప్పా, ఇయ్యాల లేస్తది” అని పక్కన కూసునేది. కొన్ని దినాలకు ఆమె కూసునుడు మానింది. ఊపిరి కొలిచే PFT చేసిండ్రు, మందులు మార్చిండ్రు. వానకాలం ముసురు పట్టంగనే నిమ్ము చేసి మళ్ల దవాఖానల పడ్డడు. మళ్ల వచ్చిండు. వచ్చిన ప్రతిసారి కొంచెం తక్కువై వచ్చిండు.

ఊపిరి కన్న వాణ్ని తిన్నది ఇంకోటి ఉన్నది. ఒకనాడు అన్నం కలిపి పెడుతుంటే అన్నడు.

“రోగం రావద్దని కాకా భార్యను ములాకాత్‌కు రావద్దన్నమవ్వా. ఆమె తేలే. నేను తెచ్చిన.”

“నువ్వే తెచ్చినవని ఎవడు చూసిండు? గాలికి పేరుంటదా?”

“చాయ్ గ్లాసు నేనే ఇచ్చిన వాపసు. నా ఎంగిలి గ్లాసు కాకానే కడిగేటోడు.”

“తిను.”

“ఆయన అడిగితే, ఆమె వచ్చిపోయిందని చెప్పేటోణ్ని. ఒక్కసారి గూడ రాలే. బస్సులు లేకుండె.”

“తినుమన్న గదరా.”

కాకాకు రోగం ఎవరి నుంచి వచ్చిందో ఏ డాక్టర్ చెప్పడు. చెప్తే వీనికి శిక్ష అన్నా పడు, విడుదల అన్నా ఉండు.

నౌకరి పోలే. జ్వరంతోని పోయిన సంగతి ఎవ్వరు అడగలే. అడిగితే అందరు బయటపడుతరు. వాణ్ని light duty మీద పెట్టిండ్రు. ఖైదీలు ఇంటోళ్లతోని వీడియోల మాట్లాడే అర్ర ఉన్నది, అండ్ల కుర్సీల కూసొని టైం చూసుడు. జయేశ్ తన బండి మీద తీసుకపోయి తీసుకొస్తడు. వస్తే మజాక్ చేస్తడు, “సీనుభాయ్, లాఠీ నువ్వు మోస్తున్నవా, నిన్ను లాఠీ మోస్తుందా?” అని. ఆదివారం ఆదివారం బిడ్డను తీసుకొస్తడు. ఆ దినాలల్ల పుట్టిన పిల్లనే. ఇప్పుడు బడికి పోతది. మా మెట్లన్ని ఉరికి ఎక్కుతది. ఎక్కినంక గూడ గుక్క తిప్పుకోకుంట ముచ్చట చెప్తది. సీను ఆ పిల్లనే చూస్తడు. ఏం అనుకుంటడో నేను అడగ.

ఈ నడుమ walk test చేసిండ్రు. వరండాల నడిపిచ్చి వేలికి మిషన్ పెట్టి చూస్తరు. ఆక్సిజన్ ఎనభై నాలుగుకు పడ్డది. డాక్టర్ కాయిదాల దిక్కు చూసుకుంటనే “పెరిగేది లేదు, ఉన్నది కాపాడుకోండ్రి” అన్నడు.

పోయిన వారం కొత్త జమాదార్ ఫోన్ చేసిండు. మంది తక్కువున్నరు, light duty బంద్, సోమవారం సంది బారక్ డ్యూటీ అన్నడు. చేతగాదంటే medical board కాడ unfit అని రాయించుకొని ఇంట్ల ఉండుమన్నడు.

ఆదివారం మాపటీలి మళ్ల లొల్లి.

“Unfit తీసుకోండ్రి” అన్నది రాధ. “నేను చీరల పని ఇంకింత తెచ్చుకుంట.”

“నేను unfit కాదు.”

“ఆ బారక్‌కు మెట్లున్నయ్ అని నువ్వే అంటవు” అన్న నేను.

“నెమ్మదిగ ఎక్కుత. గింతీ నేను పిలవనా? అది గూడ రాకుంటే ఇంక నేనేంది?”

“గొంతు లేస్తదా నీకు?”

“చూస్త.”

వాడు నా దిక్కు చూసి అన్నడు, “ఈసారి ఆపవా అవ్వా?”

“ఆపితే అప్పుడు ఆగినవా?”

చదివేటోళ్లకు ఒక్క మాట చెప్త. ఇంట్ల ఎవరికన్న ఒళ్లు వేడి తగిలితే గోలీ వేసే ముందు థర్మామీటర్ పెట్టుండ్రి. ఎంతున్నది, ఏ దినం మొదలైంది యాదికుంచుకొని డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పుండ్రి. గోలీ జ్వరాన్ని కనబడకుంట చేస్తది, లోపలి రోగం దాని పని అది చేసుకుంట పోతది. పనికి అడ్డమొస్తదని దాచకుండ్రి. పని ఇంకొకడు చేస్తడు.

సోమవారం పొద్దుగాల సీను స్నానం చేసి యూనిఫాం తొడుక్కున్నడు. బెల్టు వదులైంది. మేకు కాల్చి దానికి కొత్త బెజ్జం పెట్టిచ్చిన. జొన్నరొట్టె డబ్బాల పెట్టిన. వాకిట్ల నిలబడి “అవ్వా, జర జ్వరం చూడు” అన్నడు. చూసిన. తొంభై ఏడు.

“లేదు” అన్న.

మెట్లు దిగిండు. నేను పైన నిలబడ్డ. మొదటి మలుపు కాడ ఆగిండు, దగ్గిండు, మళ్ల దిగిండు. రెండో మలుపు కాడ ఆగిండు. కింద జయేశ్ బండి హారన్ కొట్టిండు. చానసేపు ఏ చప్పుడు లేదు. అటెన్క బూట్ల చప్పుడు పైకి వచ్చింది, ఒక్కో మెట్టు.

మంచం మీద కూసున్నడు. పెదవులు నీలమైనయ్. రాధ మిషన్ ఆన్ చేసి బూట్లు విప్పింది. కిందికి పోయి జయేశ్‌ను పొమ్మని చెప్పొచ్చిన. వచ్చేసరికి సీను యూనిఫాం అంగీ విడిచి పక్కన పెట్టిండు. చెమటకు తడిసి ఉన్నది. నీళ్లల్ల నానేసిన.